ఖాళీ కారుకు కాదు, జాతరకు వెళ్ళే కారుకు కొనండి: రిమ్ములు, టైర్లు ఒరుసుకోకుండా ఎంచుకోవడం

పస్రా దాటి మేడారం దారి పట్టాక, కారు గుంతలో దిగిన ప్రతిసారీ వెనక ఎడమ చక్రం దగ్గర ‘గర్ర్’మని శబ్దం వచ్చింది. 2024 ఫిబ్రవరి, సమ్మక్క సారలమ్మ జాతర. కారు మా అల్లుడిది. లోపల ఐదుగురం ఉన్నాం. డిక్కీలో మనవరాలి పేర మొక్కుకున్న నిలువెత్తు బంగారం, అంటే దాని బరువుకు సరితూగే బెల్లం, దాంతోపాటు వంట సామాను, నీళ్ళ డబ్బాలు. పక్కకు ఆపి చూస్తే టైరు భుజం మీద వేలెడు వెడల్పున రబ్బరు చెక్కుకుపోయి ఉంది. చక్రం గూడు అంచున నల్లటి పొడి, దగ్గరకు వంగితే కాలిన వాసన. రిమ్ములూ టైర్లూ మార్చి అప్పటికి ఇరవై రోజులు కూడా కాలేదు. బిగించిన దుకాణం వాళ్ళు కారును ఒక చుట్టు తిప్పి చూసి, ఎక్కడా తగలడం లేదని చెప్పి పంపారు. ఖాళీ కారు వరకు ఆ మాట నిజమే.

నేను ఆర్టీసీ డిపోలో టైర్ల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి విరమించాను. అరచెయ్యి టైరు మీద అడ్డంగా రాస్తే అలైన్‌మెంట్ ఎటు తప్పిందో చెప్పగలను. అయినా ఇంట్లోవాళ్ళ కారు చక్రాలను బయలుదేరే ముందు వంగి చూడలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. హనుమకొండలో మా వీధివాళ్ళు, బంధువులు అల్లాయ్ వీల్స్ కొనబోయే ముందు ఇప్పుడు నన్ను పిలుస్తారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట టైరు మీది అంకెలు. అల్లుడి కారుకు కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్15. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో నూటికి 65 వంతులు టైరు గోడ ఎత్తు, అంటే 120 మి.మీ. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో, అది 381 మి.మీ. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపితే మొత్తం చక్రం ఎత్తు 621.5 మి.మీ. కొత్తగా కొనే చక్రం ఎత్తు దీనికి 3 శాతం ఎక్కువ తక్కువల్లోనే ఉండాలి. దుకాణంలో ఆ కారుకు వేసింది 205/65 ఆర్15. లెక్క వేయండి: 647.5 మి.మీ., అంటే 4.2 శాతం ఎక్కువ. స్పీడోమీటర్ ముల్లు 80 చూపిస్తుంటే కారు నిజానికి 83 మీద పోతోంది. అంతకంటే ముఖ్యం, చక్రం పైభాగం గూడుకు 13 మి.మీ. దగ్గరైంది. అదే రిమ్ముకు 195/60 ఆర్15 వేసి ఉంటే 615 మి.మీ., ఒక్క శాతమే తేడా. 16 అంగుళాల రిమ్ము కావాలంటే 195/55 ఆర్16 ఉంది, 621 మి.మీ., దాదాపు పాతదే.

అంతా టైరు సైజు గురించే అడుగుతారు గానీ, ఒరుసుకోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు రిమ్ము ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత ఊహించుకోండి. హబ్బుకు, అంటే కారులో చక్రం బిగించే నడిమి భాగానికి, ఆనుకునే రిమ్ము ముఖం ఆ గీత నుంచి వీధి వైపుకు ఎంత దూరంలో ఉందో ఆ మిల్లీమీటర్లే ఆఫ్‌సెట్. రిమ్ము మీద ‘ఈటీ’ అక్షరాల పక్కన ఆ అంకె ఉంటుంది. అంకె పెద్దదైన కొద్దీ చక్రం కారు లోపలికి, చిన్నదైన కొద్దీ బయటికి వస్తుంది. పాత రిమ్ము 6జె, ఈటీ 45. అంటే 6 అంగుళాల వెడల్పు, 45 మి.మీ. ఆఫ్‌సెట్. కొత్తది 7జె, ఈటీ 35. వినడానికి ఒక అంగుళమే తేడా. కాగితం మీద చూడండి. పాత రిమ్ములో సగం వెడల్పు 76.2. అందులోంచి 45 తీసేస్తే బయటి అంచు హబ్బు ముఖం నుంచి 31.2 మి.మీ. కొత్తదానిలో సగం 88.9. అందులోంచి 35 తీసేస్తే 53.9. బయటి అంచు 22.7 మి.మీ. ముందుకు వచ్చింది. లోపలి వైపు తీసేయడానికి బదులు కూడాలి: పాతది 121.2, కొత్తది 123.9. లోపల పెరిగింది 2.7 మి.మీ. మాత్రమే. అందుకే ఆ టైరు స్ట్రట్ వైపు, అంటే చక్రానికి లోపలి పక్కన నిలబడే సస్పెన్షన్ స్తంభం వైపు, ఎక్కడా తగలలేదు. గూడు బయటి అంచు కిందకు మాత్రం నేరుగా వచ్చి కూర్చుంది. బరువుకు కారు దిగగానే కోసింది. రెండు నిమిషాల లెక్క ఇది. కొనే ముందు దుకాణంలో కూర్చునే వేసుకోవచ్చు.

తరువాత స్టడ్ల అమరిక. స్టడ్లంటే హబ్బు మీద నట్లు ఎక్కే మర కడ్డీలు. అవి నిలబడిన వలయం వ్యాసాన్ని పీసీడీ అంటారు. స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లకు నాలుగు స్టడ్లు, 100 మి.మీ. ఈకోస్పోర్ట్‌కు నాలుగే, కానీ 108. పోలోకు స్టడ్లకు బదులు బోల్టులు, అవి ఐదు, 100. ఇన్నోవా క్రిస్టాకు, క్రెటాకు ఐదు, 114.3. నాలుగు స్టడ్లయితే ఎదురెదురు రెండింటి మధ్య దూరం కొలిస్తే సరిపోతుంది. ఐదుంటే ఎదురెదురుగా ఉండవు గనుక, పక్కపక్కన ఉన్న రెండు స్టడ్ల మధ్యబిందువుల దూరాన్ని కొలిచి 1.7తో హెచ్చించండి. 67 మి.మీ. వస్తే అది 114.3 అమరిక. 100కు చేసిన రిమ్మును 108 హబ్బుకు ఎవరైనా రంధ్రాలు పెద్దవి చేసి బిగిస్తానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రిమ్ము నడిమి రంధ్రాన్ని చాలామంది చూడరు. స్విఫ్ట్ హబ్బు 54.1 మి.మీ. బజారులో దొరికే అల్లాయ్‌లు ఎన్నో కార్లకు సరిపోవాలని 73.1 రంధ్రంతో వస్తాయి. మధ్య ఖాళీ నింపే రింగు వేయకపోతే చక్రం నట్ల మీదే వేలాడుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా జనగామ దాటి 80, 90 వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంది. నట్లు కూడా చూడండి. మారుతి కార్ల స్టడ్డు మర 12 x 1.25, అంటే మందం 12 మి.మీ., మర పళ్ళ మధ్య దూరం 1.25 మి.మీ.; హ్యుందాయ్‌ది 12 x 1.5. చేత్తో కనీసం ఐదారు చుట్లు సాఫీగా తిరగని నట్టును యంత్రంతో బిగించనివ్వకండి. హోండా నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది. బజారు రిమ్ములు చాలావరకు శంకువు ఆకారపు నట్లకు చేసినవి. పాత నట్లు వాటిలో సరిగా కూర్చోవు.

ఇప్పుడు కొలత. నేను వాడేది వినాయక చవితికి బొమ్మ చేసే బంకమట్టి. రేగుపండంత ముద్ద చేసి స్ట్రట్ మీద, టైరుకు ఎదురుగా, అతికిస్తాను. కొత్త రిమ్ము టైరుతో సహా ముందు ఒకటి, వెనక ఒకటి బిగించమంటాను. నాలుగూ బిగించకముందే చూడాలి. కారు కిందకు దింపి, స్టీరింగ్ ఒక కొసకు, మళ్ళీ రెండో కొసకు పూర్తిగా తిప్పించి, చక్రం విప్పి చూస్తాను. ముద్ద ఎంత మందాన నలిగి మిగిలిందో అదే అక్కడున్న ఖాళీ. లోపల 6 మి.మీ., అంటే చిటికెన వేలి సగం మందం, కన్నా తక్కువ ఉంటే నేను ఒప్పుకోను. గూడు బయటి అంచు దగ్గర, బరువు మీద, బొటనవేలు దూరాలి.

బరువు మీద అన్నాను. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. మీ కారు మీ సంవత్సరంలో ఎప్పుడు బాగా నిండుతుందో ఆ బరువు ఎక్కించండి. నర్సంపేట నుంచి ఏనుమాముల మార్కెట్‌కు రెండు మిర్చి బస్తాలు డిక్కీలో వేసుకుని వచ్చేవారున్నారు. పెళ్ళికి ఏడుగురు ఎక్కేవారున్నారు. మా అల్లుడి కారుకు రెండోసారి రిమ్ములు తెచ్చినప్పుడు వెనక సీట్లో ముగ్గురిని, డిక్కీలో రెండు బియ్యం బస్తాలను ఎక్కించాను. టైరు రెండు భుజాల మీదా సుద్దముక్కతో చుట్టూ గీత గీశాను. కాజీపేట వైపు వెళ్ళి, మలుపుల్లో తిప్పి, నాలుగు స్పీడు బ్రేకర్లు ఎక్కి దిగి వచ్చాం. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతోందన్నమాట. గీత చుట్టూ చెక్కుచెదరలేదు. అప్పుడే డబ్బు ఇచ్చాం.

తగిలితే ఏం చేయాలి? గూడు అంచును సుత్తితో మడుస్తామంటారు, కోస్తామంటారు. వద్దు. రంగు లేచిన చోట రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది. లోపల తగులుతోందని స్పేసర్, అంటే హబ్బుకూ రిమ్ముకూ మధ్య బిళ్ళ, పెడితే అది ఆఫ్‌సెట్ తగ్గించడమే. 10 మి.మీ. స్పేసర్ ఈటీ 45ను ఈటీ 35 చేస్తుంది. లోపలి బాధ బయటికి పోతుంది, స్టడ్డు పట్టు కూడా తగ్గుతుంది. సరైన మందు ఒకటే: సన్నటి టైరు, లేదా సరైన ఆఫ్‌సెట్ రిమ్ము. గూటిలోని ప్లాస్టిక్ లైనర్ క్లిప్పు ఊడి కిందకు జారి తగులుతుంటే మాత్రం క్లిప్పు వేయిస్తే చాలు. చూడకుండానే టైరును నిందించకండి.

ఇక 17 అంగుళాల మోజు గురించి. 205/45 ఆర్17 వేస్తే ఎత్తు 616 మి.మీ., లెక్క సరిపోతుంది, తగలకపోవచ్చు కూడా. కానీ గోడ 120 నుంచి 92 మి.మీ.కు దిగుతుంది. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ దారుల్లో, వానలకు గుంతలు పడ్డ ఊరి రోడ్ల మీద ఆ సన్నటి గోడ రిమ్మును కాపాడలేదు. ఇంకొకటి: టైరు మీద సైజు తరువాత ఉండే అంకె బరువు సూచిక. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 205/45 ఆర్17 సాధారణ టైరుకు సూచిక 84, అంటే 500 కిలోలు. నాలుగు టైర్లకు 240 కిలోల మోత తగ్గిపోయింది. కంపెనీ ఇచ్చిన సూచికకు తగ్గిన టైరును నేను ఎవరికీ వేయనివ్వలేదు. టైరు గోడ మీది తయారీ కోడ్ చివరి నాలుగు అంకెలు కూడా చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో చేసినది.

అల్లుడి కారుకు ఇప్పుడున్నవి 6జె, ఈటీ 45 రిమ్ములు, 195/60 ఆర్15, సూచిక 88. పాతవాటికంటే టైరు ఒక్కో వైపు 5 మి.మీ. వెడల్పు, అంతే. గాలి ఎంతన్నది డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూసి, నిండు బరువుకు రాసిన అంకె ప్రకారం పెట్టించాను. బిగించిన రోజు నట్లు టార్క్ రెంచితో, అంటే బిగువు కొలిచే పానాతో, బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాను. ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. స్టెప్నీ పాత ఇనుప రిమ్మే. దానికి సరిపోయే పాత నట్లు నాలుగూ చిన్న గుడ్డసంచిలో కట్టి, జాకీ పక్కన పెట్టాను.