రిలీజ్ ట్యాగ్‌కు సంతకం పెట్టే ముందు

దసరాకు శ్రీకాకుళం, పలాస వచ్చి ఇంటి నుంచే రిలీజ్ ఇచ్చే డెవలపర్ల కోసం ఇది. గిట్‌లో (కోడ్ మార్పులు దాచే టూల్) ఒక వెర్షన్‌కు పెట్టే గుర్తే రిలీజ్ ట్యాగ్. దానికి మన ప్రైవేట్ కీతో డిజిటల్ సంతకం పెడతాం, పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. సంతకం పెట్టాల్సిందే అంటాను: రేపు మీ ఖాతా ఎవరి చేతిలోనైనా పడి దొంగ ట్యాగ్ పెడితే, తేడా పట్టుకునే దారి ఉంటుంది.

• ప్రైవేట్ కీ అందరూ వాడే బిల్డ్ మెషిన్‌లో ఉందేమో చూడండి. అది బయటికి పోతే ఎవరైనా మీ పేరుతో సంతకం పెట్టగలరు. పాస్‌ఫ్రేజ్ తప్పనిసరి.

• కీ బ్యాకప్, జీపీజీ (సంతకాలు పెట్టే ప్రోగ్రామ్) అయితే రివొకేషన్ సర్టిఫికెట్ (ఈ కీ ఇక చెల్లదని చెప్పే ఫైల్) కూడా, పెన్‌డ్రైవ్‌లో వేరే ఇంట్లో ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం ఎంత నష్టపోయిందో మనకు తెలుసు. ల్యాప్‌టాప్ తడిస్తే కీ కూడా పోతుంది.

• పుష్ చేయకముందే వెరిఫై చేయండి. పుష్ అయ్యాక తప్పు కనబడితే అదే ట్యాగ్‌ను మార్చొద్దు, కొత్త నంబరు ఇవ్వండి. ముందే దించుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉండిపోతుంది.

• లైట్‌వెయిట్ ట్యాగ్ (కమిట్‌కు ఉత్త పేరు మాత్రమే) వద్దు. దానికి సంతకం పెట్టలేం.

• కీ గడువు చూసుకోండి.

• పబ్లిక్ కీ ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తుపట్టే పొట్టి కోడ్) ప్రాజెక్టు సైట్‌లో పెట్టండి. లేకపోతే సంతకం మీదేనని ఎదుటివాళ్లు ఎలా నమ్ముతారు?

• జీపీజీ అంటే టెన్షనా? గిట్ 2.34 నుంచి, అంటే 2021 నుంచి, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కీతోనూ సంతకం పెట్టొచ్చు.