గట్టు నిలవాలంటే వట్టివేరు వరస

వానకు కోసుకుపోయే పొలం గట్టుకు, గెడ్డ (వాగు) ఒడ్డుకు వట్టివేరు గడ్డి కంటే చవకైన కాపలా లేదు. ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. వేరు పక్కలకు పాకకుండా తిన్నగా కిందికే దిగుతుంది. మంచి నేలలో 3 మీటర్ల పైచిలుకు పోతుంది. అందుకే పక్కనున్న చోడికీ (రాగి), గోగుకీ పెద్దగా పోటీ రాదు.

విత్తనం కట్టని రకాన్నే తేవాలి. వట్టివేరులో గింజ రాలి మొలిచే రకాలూ ఉన్నాయి, అవి పొలంలో కలుపై కూర్చుంటాయి. దక్షిణాదిలో వేరు కోసం సాగు చేసే రకాన్ని పిలకలతోనే పెంచుతారు. తెచ్చే చోట పాత దుబ్బుల చుట్టూ చిన్న మొలకలు కనిపిస్తే అక్కడి నుంచి తేకండి.

గట్టు పొడవు 100 అడుగులు, నాటు దూరం 6 అంగుళాలు అనుకుంటే 200 నాట్లు. నాటుకు రెండు మూడు పిలకల చొప్పున 400 నుంచి 600 పిలకలు కావాలి. అన్నీ కొనడం దండగ. ముందు ఏడాదే ఒక సెంటులో అడుగు ఎడంగా నాటితే సుమారు 430 దుబ్బులు పడతాయి. ఏడాది తిరిగేసరికి ఒక్కో మంచి దుబ్బు పది నాట్లకు సరిపోతుంది.

దుబ్బును గడ్డపారతో పెళ్లగించి, రెండు మూడు పిలకలు కలిసి ఉండేలా విడదీయాలి. ఒంటి పిలక తొందరగా ఎండిపోతుంది. ఆకును 8 అంగుళాలు, వేరును 3, 4 అంగుళాలు ఉంచి మిగతాది నరికేయాలి. ఆకు పొడవుగా వదిలితే వేరు పట్టేలోపే నీరంతా ఆకు గుండా పోయి మొక్క వాడిపోతుంది. విడదీసినవి నీడలో తడి గోనె కింద ఉంచి, వీలైతే ఆ రోజే నాటాలి.

జూన్ వానకు నేల లోపలి దాకా తడిశాక మొదలుపెట్టండి. ఆలస్యమైన కొద్దీ తుఫాన్ల కాలానికి వేరు దిగదు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. అలాంటి వానను నాటిన ఏడాది వరస ఆపుతుందని ఆశ పెట్టుకోవద్దు. దుబ్బులు ఒకదానికొకటి అతుక్కుని గోడలా కావడానికి రెండు మూడు వానాకాలాలు పడుతుంది.

ఏటవాలు మెట్టలో వరస వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో పోవాలి. కంటి అంచనా పనికిరాదు. తాపీ మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే నీళ్ల గొట్టం తెచ్చి, 15, 20 అడుగులకో పుల్ల పాతుకుంటూ పోండి. మట్టం తప్పితే నీరు వరస వెంట పల్లం వైపు పరుగెత్తి అక్కడ గండి కొడుతుంది. వరసకూ వరసకూ మధ్య 1 నుంచి 2 మీటర్ల ఎత్తు తేడా ఉంటే చాలు.

6 అంగుళాల లోతున గాడిలా చాలు తీసి, అడుగున చివికిన పశువుల ఎరువు చల్లి, వేరు పైకి మడత పడకుండా నిలబెట్టి, మొదలు చుట్టూ మడమతో గట్టిగా తొక్కాలి. వదులుగా ఉన్న మొక్కను మొదటి జడివానే ఎత్తుకుపోతుంది. వాన ముఖం చాటేస్తే మొదటి నెల రెండు మూడు రోజులకోసారి తడివ్వాలి.

నాటిన నెలకు వరస వెంట నడిచి చూడండి. చచ్చిన చోటల్లా అప్పుడే కొత్త పిలక పెట్టాలి. వట్టివేరు పని చేసేదంతా ఈ ఎడతెగని వరసలోనే. ఒక్క మూరెడు ఖాళీ ఉన్నా పైనుంచి వచ్చిన నీరంతా అక్కడికే చేరి, గడ్డి లేని గట్టు కంటే ఎక్కువ కోస్తుంది.

వరస చచ్చిపోవడానికి మామూలు కారణాలు మూడు. ఒకటి నీడ: జీడితోటలో, గుబురు కొబ్బరి కింద పిలక పెట్టదు. రెండు, గట్ల మీద కొట్టే గ్లైఫోసేట్ కలుపు మందు: ఇది వట్టివేరునూ చంపుతుంది. మూడు మేకలు: మొదటి ఏడాది లేతాకు కొరికి, వదులు మొక్కను వేరుతో లాగేస్తాయి, కంప అడ్డం పెట్టక తప్పదు. పాత దుబ్బుల మధ్య ఎండు ఆకు పేరుకుంటే చెదలూ చేరతాయి. ఏటా రెండు మూడు సార్లు అడుగు, అడుగున్నర ఎత్తుకు కోస్తే ఆ బెడద తగ్గుతుంది, పిలకలూ బాగా వస్తాయి.

వాసన వేరు మీద ఆశతో గట్టు వరసను మాత్రం తవ్వకండి, తవ్వితే గట్టే పోతుంది. వేరుకు వేరే చోటు చూసుకోవాలి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం వైపు ఇసుక నేలలో తెగకుండా వస్తుంది. బంక నేల ఉన్నవాళ్లు ఖాళీ యూరియా బస్తాల్లో రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎరువు మట్టి నింపి ఎండలో పెంచవచ్చు. 15 నుంచి 18 నెలలకు బస్తా కోసి, నీళ్లలో మట్టి వదిలేదాకా జాడించి, వేరును నీడలో ఆరబెట్టాలి. ఎండలో పడేస్తే వాసన ఎగిరిపోతుంది. పైన మిగిలిన పిలకలు మళ్లీ నాటుకే.

కుండ నీళ్లలోకి గుప్పెడు వేరు పలచని గుడ్డలో కట్టి వేస్తే చాలు. రోజూ నీళ్లు మార్చి, మూడు నాలుగు రోజులకు కొత్త వేరు వేయాలి. కిటికీ తడికకు వెదురు బద్దల మధ్య అంగుళం మందాన పరచి పురికొసతో బిగిస్తారు. తడిపిన తడిక చల్లదనం పొడి గాలిలోనే తెలుస్తుంది. తీరానికి దూరంగా ఉన్న బొబ్బిలి, రాజాం ఎండల్లో బాగా పనిచేస్తుంది. తీరాన ఉన్న కళింగపట్నం, బారువ ఉక్కలో మిగిలేది ఎక్కువగా వాసనే.

కోసిన ఆకు లేతదైతే పశువులు తింటాయి. ముదిరితే అంచులు గరుకెక్కి ముట్టవు, దాన్ని పాక కప్పుకో, కొబ్బరి పాదులో పరచడానికో వాడుకోండి.