ఆదరణ కూడిక అయిపోయాక: 13వ కీర్తనతో ప్రార్థన

మనిషి పోయిన ఇంట్లో ఓదార్పు కోసం పెట్టే ఆదరణ కూడిక ముగిసి, చుట్టాలంతా బస్సులెక్కాక ఇల్లు బోసిపోతుంది. అసలు బాధ అప్పుడే తెలుస్తుంది. పత్తి ఏరే రోజులైతే తెల్లారేసరికి చేన్లో ఉండాలి, కాజీపేట రైల్వే వాళ్లకైతే డ్యూటీ. తీరిగ్గా ఏడ్వడానికి కూడా ఉండదు. పైగా "విశ్వాసివై ఉండి ఇంకా ఏడుస్తవేంది" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట మనసులో పెట్టుకోకండి. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. సిలువ మీద ఆయన పెట్టిన "నా దేవా, నా దేవా" అనే మొర 22వ కీర్తన మొదటి మాటే.

ముందు ఒంటి సంగతి చూసుకోండి. చావు కోరుకునేంత అలసిపోయిన ఏలీయా ప్రవక్తకు దేవదూత బోధ చేయలేదు. లేపి, తినమన్నాడు, రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి కూడా లేపి తినమన్నాడు (1 రాజులు 19). అందుకే ఈ మొదటి రోజుల్లో ఉపవాస ప్రార్థన పెట్టుకోకండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు పస్తుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

ఇక ప్రార్థన. బైబిలులోని 13వ కీర్తనలో ఆరే వచనాలు. 1, 2లో ప్రశ్న, 3, 4లో మనవి, 5, 6లో నమ్మిక. రోజుకు 15 నిమిషాలు, వారం పాటు ఇదే కీర్తన తీసుకోండి. పక్కన ఒక నోటుబుక్కు ఉంచుకోండి. కీర్తనను పైకి వినబడేలా రెండుసార్లు చదవండి. చదువు రాకపోతే ఇంట్లో పిల్లలు చదువుతుంటే వాళ్ల వెనుక పలకండి.

ఎక్కువసేపు మొదటి రెండు వచనాల దగ్గరే ఆగండి. "ఎన్నాళ్లవరకు", "ఎంతవరకు" అని ఈ కీర్తనలో దావీదు రాజు దేవుణ్ణి నిలదీస్తాడు. మీరూ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే అడగండి: "దేవా, ఇంకెన్ని దినాలు? అప్పులోళ్లు వస్తుండ్రు, ఒక్కదాన్ని నేనేం జెయ్యాలె?" అడిగింది ఒకటి రెండు వాక్యాల్లో రాయండి. పెన్ను పట్టని రోజు నోటితో చెప్పినా చాలు.

తర్వాత ఒకే ఒక్క మనవి, ఆ రోజుకు సరిపోయేది. "అంతా బాగుచెయ్యి ప్రభువా" అంటే దేనికోసం ఎదురుచూడాలో మనకే తెలియదు. "ఈ రాత్రి నాలుగు గంటలు నిద్ర పట్టనీ", "రేపు బ్యాంకులో నా మాట తడబడనీయకు" అని అడగండి. తీరితే పక్కన తేదీ వేయండి.

చాలామంది తడబడేది చివరి రెండు వచనాల దగ్గర. బాధ చెప్పుకోకముందే స్తోత్రం మొదలుపెడతారు, దుఃఖం లోపలే ఉండిపోయి నెలల తర్వాత కోపంగానో తలనొప్పిగానో బయటపడొచ్చు. ఆ వచనాలు మనసులో నుంచి రాకపోతే ఊరికే చదివి ఊరుకోండి, దేవుని ముందు నటించనక్కర్లేదు. అదీ చేతకాని రోజు 88వ కీర్తన తెరవండి. చీకటి మాటతోనే ముగుస్తుంది, స్తుతితో కాదు. బైబిలు దాన్ని అలాగే ఉంచింది.

సంఘంలో అందరి ముందు మీ అనుభవం సాక్ష్యంగా చెప్పమని బలవంతం చేస్తే "ఇప్పుడు కాదు" అనండి. అందరి ముందు విప్పిన బాధ ఊరంతా తిరిగి మళ్లీ మనకే గుచ్చుకుంటుంది. పాస్టరమ్మకో, నమ్మకమైన అక్కకో, ఒక్కరికే చెప్పండి. "సలహా వద్దక్కా, ఇని ప్రార్థన చెయ్యి" అని ముందే అడగండి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదరకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు. ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు. ప్రార్థన చేయించుకున్నామని మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. ఆపాలో తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

రెండో వారం 42, 43 కీర్తనలు కలిపి చదవండి. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" అన్న ప్రశ్న వాటిలో మూడుసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆగి, ఆ రోజు జవాబు నోటుబుక్కులో రాయండి.