బోస్టన్ ఆర్నాల్డ్ ఆర్బరేటమ్‌లో సైకిల్ తొక్కాలంటే

చదువుకో, ఉద్యోగానికో బోస్టన్ వచ్చినవాళ్లు సెలవురోజు సైకిలేసుకుని వెళ్లాల్సిన చోటు ఇది. 1872లో మొదలైన ఈ చెట్ల తోట 281 ఎకరాలు. టికెట్ లేదు, కార్ల రద్దీ ఉండదు, పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా తెరిచే ఉంటుంది. షరతు ఒకటే: సైకిల్ తారు రోడ్డు దిగకూడదు. చెట్టుకి నీళ్లు పీల్చే సన్నటి వేళ్లు చాలావరకు పైమట్టిలో అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయి. చక్రాలు పదేపదే తిరిగితే ఆ మట్టి బిగుసుకుపోయి వేళ్లకి గాలి అందదు. సైకిల్‌ని చెట్టుకి తాళం వేసి కట్టడమూ వద్దు, బెరడు ఒరుసుకుపోతుంది.

బ్యాక్ బే వైపు నుంచి సౌత్‌వెస్ట్ కారిడార్ సైకిల్ బాట పట్టుకుంటే ఫారెస్ట్ హిల్స్ స్టేషన్ దాకా వచ్చేయొచ్చు, తోట గేటు అక్కడికి దగ్గరే. బయల్దేరేముందు టైర్లలో గాలి చూసుకోండి. 35 మిల్లీమీటర్ల టైరుకి గాలి ఒత్తిడి 50 పీఎస్ఐ చాలు, కానీ టైరు పక్కన రాసిన హద్దు దాటనివ్వకండి.

ఒళ్లు వేడెక్కేదాకా తోటలోని మెడో రోడ్డు మీదే తొక్కండి, పెద్దగా ఎత్తుండదు. 1878లో నాటిన కట్సురా చెట్లు ఇక్కడే ఉన్నాయి. అక్టోబరులో వాటి రాలిన ఆకులు బెల్లం పాకం వాసనేస్తాయి. ఆ వాసన తగిలిందంటే రోడ్డు మీద ఆకులున్నట్టే. తడిసినవైతే ముందు చక్రం బ్రేకు గట్టిగా నొక్కొద్దు, చక్రం జారి పడతారు.

అసలు కష్టం బస్సీ హిల్ ఎక్కడం. చాలామంది సగం ఎక్కాక, కాళ్లు మొరాయించినప్పుడు గేరు మారుస్తారు. అప్పటికి చెయిన్ మీద మొత్తం బరువు పడి ఉంటుంది కాబట్టి అది కటకటమని తప్పుకుంటుంది. ఎత్తు మొదలవ్వకముందే, పెడల్ తేలిగ్గా తిరుగుతున్నప్పుడే, ముందు చిన్న పళ్లచక్రానికీ వెనక పెద్ద పళ్లచక్రానికీ మార్చేయండి. మధ్యలో మార్చక తప్పకపోతే ఒక చుట్టు కాలి బలం తగ్గించి మార్చండి.

దిగేటప్పుడు మలుపుకి ముందే వేగం తగ్గాలి. రెండు బ్రేకులూ కలిపి కొద్దికొద్దిగా నొక్కుతూ వదులుతూ దిగండి. మలుపు అవతల పిల్లల బండి తోసుకొస్తున్న తల్లో, కుక్కని పట్టుకున్న పెద్దాయనో ఉండొచ్చు. దారి వాళ్లదే. దూరం నుంచే బెల్ కొట్టి, నడక వేగంతో దాటండి.

ఓపిక మిగిలితే బస్సీ స్ట్రీట్ దాటి పీటర్స్ హిల్ చుట్టూ ఒక రౌండు వేయండి. మే నెలలో అక్కడ క్రాబ్‌యాపిల్ (చిట్టి యాపిల్) చెట్ల పూత చూడాలి. అదే నెలలో, లైలాక్ పూలు చూడ్డానికి జనం వచ్చే లైలాక్ సండే నాడు మాత్రం సైకిల్ ఇంట్లోనే ఉంచండి, జనంలో తొక్కే చోటుండదు.