స్పానిష్ స్వయంబోధిని – 18వ పాఠం: ‘వెళ్లేవాణ్ణి’ అన్న మాటకు రెండు స్పానిష్ రూపాలు

కిందటి పాఠంలో భవిష్యత్ కాలాన్ని నేర్చుకున్నాం కాబట్టి, ఈ పాఠంలో సగం పని ముందే అయిపోయినట్టే. అక్కడ చేసినట్టే ఇక్కడ కూడా క్రియ మూలరూపాన్ని కత్తిరించకుండా, చివరి ‘ర్’ను అలాగే ఉంచి, దానికి ప్రత్యయం చేర్చాలి. ‘వెళ్లేవాణ్ణే, కానీ వెళ్లలేదు’ అన్నట్టు చెప్పే ఈ రూపాన్ని స్పానిష్‌లో ‘కొందిసియొనాల్’ అంటారు. ఎప్పటిలాగే, నొక్కి పలకవలసిన అక్షరానికి దీర్ఘం పెట్టి రాస్తున్నాను.

‘అబ్లార్’ (మాట్లాడు) తీసుకుందాం. నేను అనడానికి యో అబ్లరీయ, నువ్వు అనడానికి తూ అబ్లరీయస్, అతను, ఆమె, మీరు అనే మూడింటికీ అబ్లరీయ, మనం లేదా మేము అయితే అబ్లరీయమొస్, స్పెయిన్‌లో చనువైన ‘మీరందరూ’ అయితే అబ్లరీయయిస్, వాళ్లు లేదా మర్యాదకు ‘మీరందరూ’ అయితే అబ్లరీయన్. ‘ఆర్’, ‘ఏర్’, ‘ఈర్’ అనే మూడు గణాలకూ ఈ ప్రత్యయాలే సరిపోతాయి కనుక ‘కొమేర్’ (తిను) కొమెరీయ అవుతుంది, ‘బిబీర్’ (నివసించు) బిబిరీయ అవుతుంది. మూలరూపంలో ‘లా’ మీద, ‘మే’ మీద, ‘బీ’ మీద ఉన్న దీర్ఘం ఆరు రూపాల్లోనూ ‘రీ’ మీదికి జరగడం గమనించండి. రాతలో ఆ ‘ఇ’ మీద చిన్న వాలుగీత తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే ‘ఇ’, ‘అ’ కలిసిపోయి ‘ర్య’ అని ఒకే అక్షరంగా పలికే ప్రమాదం ఉంది.

వర్తమానంలో మనల్ని ఏడిపించిన సేర్, ఈర్, ఎస్తార్, దార్ అనే నాలుగు క్రియలూ ఇక్కడ బుద్ధిగా దారిలోకి వచ్చి సెరీయ, ఇరీయ, ఎస్తరీయ, దరీయ అవుతాయి. మొండికేసేవి సుమారు పన్నెండు క్రియలు, వాటి నుంచి పుట్టినవి మాత్రమే. వాటి సంగతి వచ్చే పాఠంలో చూద్దాం.

ఈ ప్రత్యయం ఎక్కడిదో తెలిస్తే బట్టీ పట్టే పని తగ్గుతుంది. వాడుక లాటిన్‌లో మూలరూపం పక్కన ‘కలిగి ఉండు’ అనే క్రియ భూతకాల రూపాన్ని చేర్చి చెప్పేవారు. కాలక్రమంలో ఆ రెండు మాటలూ అతుక్కుపోయాయి. ఇప్పటి ‘అబీయ’లో ముందున్న ‘అబ్’ను తీసేస్తే మిగిలే ‘ఈయ’ అదే. అందుకే ఈ రూపం భూతకాలంలో నిలబడి ముందుకు చూస్తున్నట్టు ఉంటుంది. కరాకస్‌లో పుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రేస్ బేయొ 1847లో ప్రచురించిన వ్యాకరణంలో దీనికి ‘పొస్ప్రెతేరితొ’, అంటే భూతానికి తరువాతది, అని పేరు పెట్టాడు. మెక్సికో పాఠ్యపుస్తకాల్లో నేటికీ ఆ పేరు కనిపిస్తుంది. ‘కొందిసియొనాల్’ కంటే ఇదే మంచి పేరని నా అభిప్రాయం, ఎందుకంటే మొదటి పేరు తెలుగువాళ్లను పక్కదారి పట్టిస్తుంది. మన వ్యాకరణంలో చేదర్థకం అంటే ‘వస్తే’, ‘ఉంటే’ వంటి రూపం. అది షరతు చెప్పే భాగంలో ఉంటుంది. స్పానిష్ కొందిసియొనాల్ షరతులో ఉండదు, దాని ఫలితంలో ఉంటుంది. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అన్న వాక్యంలో అది ‘కొనేవాణ్ణి’కి చెందుతుంది గాని ‘ఉంటే’కి కాదు. ‘అయితే’ అనే అర్థమిచ్చే ‘సి’ తరువాత ‘రీయ’ రాకూడదు. ఉత్తర స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతంలోనూ, బూర్గొస్ చుట్టుపక్కలా మాటల్లో అలా వినిపిస్తుంది గాని, మనం రాస్తే తప్పుగానే దిద్దుతారు.

ఇక అసలు చిక్కుకు వద్దాం. తెలుగులో ‘వెళ్లేవాణ్ణి’ అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. ‘చిన్నప్పుడు రోజూ ఏటికి వెళ్లేవాణ్ణి’ అంటే నిజంగా వెళ్లిన అలవాటు. ‘ఏటికి వెళ్లేవాణ్ణే, కానీ వాన పడుతోంది’ అంటే వెళ్లడం జరగలేదు. స్పానిష్ ఈ రెంటినీ ఖచ్చితంగా విడదీస్తుంది. మొదటిది పదిహేనో పాఠంలో చూసిన అసంపూర్ణ భూతం: దె నీన్యొ ఈబ అల్ రీయొ తోదొస్ లొస్ దీయస్. రెండోది నేటి రూపం: ఇరీయ అల్ రీయొ, పేరొ యువేబె. నేర్చుకునే రోజుల్లో నేను నా చిన్ననాటి ముచ్చట చెప్పబోయి, ప్రతి వాక్యంలోనూ ‘ఇరీయ’ అంటూ పోయాను. ఓపికగా విన్న పెద్దాయన చివరికి, “మరి ఎందుకు వెళ్లలేదు?” అని జాలిగా అడిగాడు. ‘ఏర్’, ‘ఈర్’ క్రియల్లో ఈ తేడా మరీ సన్నం: కొమీయ అంటే తినేవాణ్ణి, నిజంగానే, కొమెరీయ అంటే తినేవాణ్ణే గాని తినలేదు. మధ్యలో ఉన్న ఆ ‘ఎర్’ చెవిన పడాలంటే రెంటినీ పక్కపక్కన పెట్టి పైకి చదవాలి.

షరతును ‘సి’తో చెప్పకుండానే ఈ రూపాన్ని వాడుకోవడానికి సులువైన మార్గం సలహా చెప్పడం. యో కె తూ, అబ్లరీయ కొన్ ఎల్ మేదికొ: నీ స్థానంలో నేనైతే డాక్టరుతో మాట్లాడేవాణ్ణి. ఉత్తమ పురుష, ప్రథమ పురుష రూపాలు ఒకటే కనుక, సందర్భాన్ని బట్టి ఎవరో తేలనప్పుడు ‘యో’ వదిలేయకండి. మర్యాదకు కూడా ఇదే రూపం పనికొస్తుంది. హోటల్లో ‘బిల్లు తెస్తారాండీ’ అన్నప్పుడు ‘అండీ’ చేసే పనిని స్పానిష్‌లో క్రియారూపమే చేస్తుంది: మె త్రఎరీయ ల క్వేంత? ‘నాకు కాఫీ కావాలండీ’ అనడానికి మె గుస్తరీయ ఉన్ కఫే.

ఒకరి మాటను తిరిగి చెప్పేటప్పుడు మన అలవాటు మళ్లీ అడ్డొస్తుంది. ‘ఎనిమిదింటికి ఫోన్ చేస్తానన్నాడు’ అన్నప్పుడు తెలుగులో అతని మాట ‘చేస్తాను’ చెక్కు చెదరదు. స్పానిష్‌లో ‘అన్నాడు’ భూతం కనుక, ఆనాటి భవిష్యత్తు కొందిసియొనాల్‌గా మారుతుంది: దీహొ కె యమరీయ అ లస్ ఓచొ. బేయొ పెట్టిన పేరుకు అర్థం ఇక్కడ చక్కగా బోధపడుతుంది. గతాన్ని ఊహించి చెప్పడానికీ ఇదే: సెరీయన్ లస్ త్రేస్ క్వాందొ యమో, అంటే అతను ఫోన్ చేసేసరికి మూడు అయ్యుంటుంది.

అభ్యాసానికి మూడు వాక్యాలు ఇస్తున్నాను. ‘నీ స్థానంలో నేనైతే ఆ ఇల్లు కొనేవాణ్ణి’, ‘ఉత్తరం రాస్తామన్నారు’, ‘మా అమ్మమ్మ పెందలాడే లేచేది’. కాగితం మీద రాసుకున్న తరువాతే కింద చూడండి.

యో కె తూ, కొంప్రరీయ ఎస కాస. దిహేరొన్ కె ఎస్క్రిబిరీయన్ ఉన కార్త. మి అబ్వేల సె లెబంతాబ తెంప్రానొ. మూడోదానికి ‘లెబంతరీయ’ అని రాసినవారు ఏటి ఉదాహరణను మరోసారి పైకి చదివి, పదిహేనో పాఠం తిరగేసి, ఆ తరువాత పందొమ్మిదో పాఠానికి రండి.