రోజుకొక సినిమా ప్రశ్న - 3వ పాఠం: ప్రశ్నకు చెక్కుబందీ

ఇంట్లో సినిమా చూస్తూ నోటుపుస్తకంలో వివరాలు రాసుకునే పద్ధతిని గత పాఠంలో చెప్పుకున్నాము. టైటిళ్లను దాటవేసే మీట నొక్కవద్దని, ప్రతి వివరం పక్కన అది తెరపై కనిపించిన నిమిషాన్ని కూడా వేసుకోవాలని అప్పుడు కోరాను. ఆ వివరాన్ని ప్రశ్నగా మలచడం, అందులోనూ ఒకే ఒక్క జవాబు వచ్చేలా మలచడం ఈ పాఠంలోని పని.

స్థలం దస్తావేజు రాసేటప్పుడు తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర పంచాయతీ బాట అంటూ చెక్కుబందీ రాస్తారు. అది లేకపోతే ఎన్ని గజాలని రాసినా ఆ స్థలం ఎక్కడుందో తేలదు. హద్దులు లేని ప్రశ్నకు కూడా ఇదే గతి పడుతుంది. అడిగినవారు ఒక జవాబును మనసులో పెట్టుకుంటారు, చెప్పినవారు మరొకటి చెబుతారు, చివరకు ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

మొదటి హద్దు సంవత్సరం. మా అపార్టుమెంటులో లిఫ్టు పక్కన ఉన్న తెల్లబోర్డు మీద రోజూ ఒక ప్రశ్న రాయడం నాకు అలవాటు. ఒకనాడు "తొలిప్రేమ చిత్ర కథానాయకుడు ఎవరు?" అని రాశాను. ఒక ఇంట్లో తండ్రి పవన్ కల్యాణ్ అన్నారు, ఇంటర్ చదువుతున్న కూతురు వరుణ్ తేజ్ అన్నది. 1998 చిత్రం ఆయనది, 2018 చిత్రం ఈమెది. బాబాయి, అబ్బాయిల మధ్య నేను చిక్కుకుపోయాను. ఖుషి విషయమూ అంతే, 2001లో ఒకటి, 2023లో మరొకటి వచ్చాయి. పేరు పక్కన సంవత్సరం వేయడానికి పట్టేది నాలుగు అంకెలే కనుక దీని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

రెండవది మరింత జాగ్రత్తగా చూడవలసిన హద్దు. "తొలి" అనే మాట ప్రశ్నలో కనిపించగానే కలం ఆపండి. తొలి తెలుగు టాకీ, అంటే మాటలు వినిపించే చిత్రం, ఎప్పుడు విడుదలైందని నేనే ఒకసారి బోర్డు మీద అడిగి, చిన్నప్పటి నుంచి చదువుకున్న 1931 సెప్టెంబర్ 15ను జవాబుగా మరునాడు రాశాను. సాయంత్రానికల్లా ఆ తేదీ కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీసి వెళ్లారు. గీసినవారిదే న్యాయం. హెచ్.ఎం.రెడ్డి తీసిన భక్త ప్రహ్లాదకు దశాబ్దాల పాటు చెప్పుకున్న తేదీ అదే అయినా, ఆ చిత్రం 1932 జనవరిలో సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తరువాతి పరిశోధన తేల్చింది. పైగా అంతకు ముందే, 1931 అక్టోబర్‌లో, అదే దర్శకుడి కాళిదాస్‌లో తెలుగు మాటలు వినిపించాయి. అందువల్ల "పూర్తిగా తెలుగులో తీసిన తొలి టాకీ ఏది?" అని అడిగితే ప్రశ్న నిలుస్తుంది. తేదీ అడగాలనిపిస్తే, ఆ తేదీ మీద వివాదం నడిచిందో లేదో ముందు చూసుకోవాలి.

మూడవ హద్దు మనకు తెలియకుండానే జారిపోతుంది. "ఎవరు?" అనగానే వినేవారు ఒక్క పేరు కోసమే వెతుకుతారు. 1963 నాటి లవకుశకు దర్శకుడు ఎవరని అడిగితే సి.పుల్లయ్య అన్నవారికీ, సి.ఎస్.రావు అన్నవారికీ మార్కులు ఇవ్వక తప్పదు, ఎందుకంటే తండ్రి మొదలుపెట్టిన చిత్రాన్ని కొడుకు పూర్తి చేశారు. "లవకుశ దర్శకులుగా చెప్పుకొనే తండ్రీకొడుకులు ఎవరు?" అని మారిస్తే చిక్కు వీడుతుంది, పైగా ప్రశ్నలోనే ఒక చిన్న కథ కూడా కనిపిస్తుంది.

ఇటువంటి సంగతులు పట్టుకోవడానికి హాలు కంటే ఇల్లే అనువైన చోటని నా అభిప్రాయం. మొన్న ఆదివారం భోజనాలయ్యాక 1957 నాటి మాయాబజార్ పెట్టుకున్నాము. "అహ నా పెళ్లియంట" పాట వచ్చినప్పుడు మా అత్తగారు రిమోట్ అందుకుని పాటను రెండుసార్లు వెనక్కి తిప్పారు. తెర మీద ఉన్నది సావిత్రే, వినిపిస్తున్నది సుశీల గొంతే, కానీ శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కనుక నడుమ ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది. ఈ పాటలో సావిత్రికి పాడింది ఎవరని అడిగి "సుశీల" అని జవాబు రాసుకుంటే సగమే రాసుకున్నట్లు. "ఎవరెవరు?" అని రెండు అక్షరాలు పెంచితే, ఆ సన్నివేశంలోని చమత్కారమంతా ప్రశ్నలోకి వచ్చేస్తుంది.

అదే రాత్రి అదే చిత్రం మీద మరొక ప్రశ్న కట్టాను, దానిని దశలవారీగా చూపిస్తాను. మొదట "మాయాబజార్‌లో పాండవులుగా నటించింది ఎవరు?" అని రాశాను. పాండవులు ఆ చిత్రంలో కనిపించనే కనిపించరు కనుక ఇది ప్రశ్న కాదు, బోల్తా కొట్టించడం. లేని మనుషులను ఉన్నట్లు చెప్పి అడగడం ఆటలో అన్యాయం. తరువాత "పాండవులు మాయాబజార్‌లో ఉన్నారా?" అని మార్చాను. ఇందులో మోసం లేదు, రుచీ లేదు, ఎవరైనా బొమ్మా బొరుసూ వేసి చెప్పేయవచ్చు. చివరకు "అభిమన్యుడి పెళ్లి కథే అయినా, 1957 నాటి మాయాబజార్‌లో ఐదుగురు పాండవులలో ఎంతమంది తెర మీద కనిపిస్తారు?" దగ్గర ఆగాను. సున్నా కూడా ఒక లెక్కే కాబట్టి ఇందులో అబద్ధం లేదు, "తెర మీద" అన్నాము కాబట్టి మాటల్లో వారి ప్రస్తావన వచ్చినా ఇబ్బంది లేదు. ఆ చిత్రాన్ని ఇరవైసార్లు చూసినవారు కూడా ఒక్క క్షణం కళ్లు మూసుకుని భీముడి కోసం వెతుక్కుంటారు.

ఇంట్లో చూసేవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి. ఎన్ని పాటలున్నాయి, సినిమా ఎంతసేపు నడుస్తుంది వంటి ప్రశ్నలకు దూరంగా ఉండండి. టీవీలో వేసే ప్రతిలో ఒక పాట ఎగిరిపోయి ఉండవచ్చు. మాయాబజార్‌కే నలుపు తెలుపు ప్రతి ఉంది, 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి ఉంది, ఆ రెండింటి నిడివి ఒకటి కాదు. ఏ ప్రతి చూశారో నోటుపుస్తకంలో పైభాగాన రాసుకోవడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.

అభ్యాసానికి హద్దులు లేని మూడు ప్రశ్నలు ఇస్తున్నాను. దేవదాసు కథానాయకుడు ఎవరు? తెలుగులో తొలి రంగుల చిత్రం ఏది? 1974 నాటి అల్లూరి సీతారామరాజుకు దర్శకత్వం వహించింది ఎవరు? వీటిలో ఏ హద్దు లోపించిందో గుర్తించి, సరిచేసిన ప్రశ్నను ఎడమ పేజీలోనూ, జవాబును కుడి పేజీ అడుగునా రాయండి. మూడవదానికి మాత్రం ఒక్క మాట మార్చితే చాలదు, ఆ చిత్రం నిర్మాణంలో ఉండగా ఏం జరిగిందో తెలుసుకున్నాకే కలం పట్టండి.