దీపం పెట్టాక కాటా చూడండి: యార్డు వ్యాపారికి సాధన

గుంటూరు మిర్చి యార్డులో ఏ కొట్టుకెళ్లినా గల్లాపెట్టె పైన దేవుడి పటం, దానికో బంతిపూల దండ కనిపిస్తాయి. భక్తికి కొదవ లేదు. అది పటం దగ్గర్నుంచి కాటా దాకా వచ్చిందా అన్నదే చూసుకోవాలి. పదిమందికి పని చెప్పే యజమాని ఇలా మొదలుపెట్టవచ్చు.

పొద్దున దీపం పెట్టాక పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. జపమో, ఊపిరి లెక్కపెట్టడమో మీ ఇష్టం. వాట్సాప్ తెరవకముందే కూర్చోవాలి. ధరలు చూశాక కళ్లు మూసుకుంటే లోపల లెక్కలే తిరుగుతాయి. గంటసేపు కూర్చోవాలని పెట్టుకున్నారా, సీజన్లో మూడో రోజుకే ఎగిరిపోతుంది.

లేవగానే కాటా. ముద్ర ఉన్న 20 కిలోల రాయి మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి చూడండి. పళ్లెం కింద దుమ్ము, కాయముక్కలు ఇరుక్కుంటే తూకం తేడా వస్తుంది. ఖాళీ కాటా సున్నా చూపిస్తోంది కదా అని వదిలేయొద్దు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. అంకెలు రైతు వైపు తిరిగి ఉండాలి. తేమకో తాలుకో (రంగు పోయిన నాసి కాయకో) తగ్గించాల్సి వస్తే ధరలో తగ్గించి, కారణం అతని ఎదుటే పట్టీలో (రైతుకిచ్చే అమ్మకం చీటీలో) రాయండి. తూకంలో కోయొద్దు. శుక్రవారం ఇంద్రకీలాద్రి ఎక్కినా ఆ కిలో తిరిగి రైతు టిక్కీలోకి (మిర్చి బస్తాలోకి) రాదు.

కోపం వచ్చిన రోజు ఎవర్నీ పనిలోంచి తీసేయకండి. ఆ మాట తెల్లారాక చెప్పండి. గుమాస్తా లెక్క తప్పితే హమాలీల ముందు అరవకుండా లోపలికి పిలిచి అడగండి. అందరి ముందు తిట్లు తిన్నవాడు మరుసటిసారి తప్పును దాచేస్తాడు. జీతం అడిగితే గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం చదివే యజమానులూ ఉన్నారు. ఫలాపేక్ష వద్దనేది ముందు తన లాభానికి అన్వయించుకోవాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలనేది ఎలాగూ చట్టమే.

పనివాళ్ల సెలవులు ముందే క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి: అయ్యప్ప, భవానీ దీక్షల 41 రోజులు, గుడ్ ఫ్రైడే, రంజాన్ ఉపవాసాలు. ఉపవాసం ఉన్నవాళ్లకు బరువు పని పొద్దున్నే ఇచ్చి, ఇఫ్తార్‌కు ముందే పంపేయాలి. కొట్టులో పూజకు హాజరు మాత్రం వేయకండి.

దానానికి లాభంలో ఒక శాతమో రెండో, ముందే అనుకుని వేరే ఖాతాలో వేయండి. ఆదాయపు పన్నులో మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇవ్వకూడదు. ఆ ఖాతాలో డబ్బు వేసే ముందు బాకీల పుస్తకం తెరవండి. రైతు పట్టీ డబ్బు, హమాలీ కూలి తీరాకే అన్నదానం ఫ్లెక్సీ మీద కొట్టు పేరు రాయించండి.